కొడంగల్ ఎవరి చరిత్రలో ఉంది?

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం-1956లో కొత్త ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చే ప్రాంతాల జాబితా ఉంది. హైదరాబాద్, మెదక్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల పేర్లు ముగిశాక తాలూకాల లెక్క మొదలవుతుంది. రాయచూరు జిల్లా నుంచి ఆలంపూర్, గద్వాల. గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్, తాండూరు. అంతే, రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ ఏడాది నవంబర్ 1న కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలో, తాండూరు హైదరాబాద్ జిల్లాలో కలిశాయి. అరవై ఏళ్ల తర్వాత, 2016 అక్టోబర్ 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో రెండూ మళ్లీ ఒక్కచోటికి చేరాయి. అదే కొడంగల్ నియోజకవర్గంలో ఉన్న కోస్గి మాత్రం ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది. ఉద్యోగాల కోసం గీసిన జోన్లలో వికారాబాద్ మొదట జోగుళాంబ జోన్‌లో ఉండి, 2021లో చార్మినార్ జోన్‌కు మారింది. నోటిఫికేషన్ పడినప్పుడల్లా ఇక్కడి నిరుద్యోగి ముందుగా చూసుకునేది తాను ఎక్కడ లోకల్ అవుతాడన్నదే.

ఇన్నిసార్లు చిరునామా మారిన ఊరి పిల్లవాడికి చరిత్ర పుస్తకం ఏం చెబుతోంది? దాదాపు ఏమీ చెప్పడం లేదు. తెలంగాణ సాయుధ పోరాటమంటే నల్లగొండ, వరంగల్, ఖమ్మం. కడవెండి, పాలకుర్తి, బైరాన్‌పల్లి పేర్లు తెలుగు పాఠ్యపుస్తకంలో ఉంటాయి, ఉండాలి కూడా. సరిహద్దుకు అవతల హైదరాబాద్-కర్ణాటక విమోచన గాథలో కలబురగి, బీదర్, రాయచూరు ఉంటాయి. 1956 వరకు గుల్బర్గాలో ఉన్న తాలూకా తమ కథలోకి వస్తుందని కన్నడ పుస్తకం అనుకోదు, ఆ తర్వాత వచ్చి చేరిన తాలూకాకు అంతకుముందు కథ ఒకటి ఉంటుందని తెలుగు పుస్తకం అనుకోదు. ఇవాళ కొడంగల్ పేరు చెబితే ముఖ్యమంత్రి నియోజకవర్గం అంటారు. టీవీ వాహనాలు వస్తాయి, పోతాయి. ఆ గుర్తింపు నిజమే. 2023 డిసెంబర్‌కు ముందు కూడా ఇక్కడ మనుషులు బతికారు, కౌలు చేశారు, వలస పోయారు, కోర్టులకు తిరిగారు.

చరిత్ర ఎందుకు చదవాలి అంటే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పూర్వీకుల గొప్పతనం తెలుసుకోవడానికి అన్నది ఒకటి, గతంలో జరిగిన తప్పులు మళ్లీ చేయకుండా ఉండటానికి అన్నది రెండోది. రెండింటి మీదా నాకు నమ్మకం తక్కువ. గొప్పతనం కోసం చదివేవాడు దొరికినదాంట్లోంచి గొప్పవే ఏరుకుంటాడు. తప్పుల కోసం చదివేవాడికి ఎప్పుడూ ఎదుటివాడి తప్పులే దొరుకుతాయి. కొడంగల్ లాంటి చోట చరిత్రకు ఇంతకన్నా గట్టి అవసరం ఉంది. ఒక కాగితాన్ని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి పేరు వదిలేశారు అని అడగడం, పెద్దమనిషి చెప్పిన మాటను గౌరవంగా విని మరో సాక్ష్యంతో సరిచూసుకోవడం. నేను చరిత్ర చదువు అంటున్నది దీన్నే. ఇది రానివాళ్లు ఈ గడ్డ మీద చేతిలో ఉన్నది కూడా పోగొట్టుకుంటారు.

భూమి సంగతే తీసుకుందాం. తెలంగాణలో ఏ భూమి తగాదా అయినా తవ్వుకుంటూ పోతే చివరికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూరికార్డు దగ్గర ఆగుతుంది. ఇప్పటికీ కోర్టుల్లో, తహసీల్దార్ ఆఫీసుల్లో దాన్నే మూలమని చూపిస్తారు. ఆ సంవత్సరాలను గమనించండి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉంది. అంటే ఇక్కడి రైతు హక్కుకు మూలమైన రికార్డు, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్న జిల్లా పేరు మీద తయారైంది. దానికన్నా ముందరి సర్వే రికార్డు, సేత్వార్, ఉర్దూలో ఉంటుంది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కూడా, అందులో తాత పేరు ఏ వరుసలో ఉందో చదువుకోలేని మనవడు ఎంతమందో ఉన్నారు. చదివిపెట్టే మనిషి కోసం వెతకాలి, అతను అడిగినంత ఇవ్వాలి, అతను చెప్పిందే నమ్మాలి.

పహాణీ పేజీ ఒక్కటి దగ్గరపెట్టుకుని చూస్తే చరిత్ర ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, నీటి వసతి, ఏ పంట వేశారు. వీటి మధ్య రెండు కాలమ్‌లు. ఒకదాంట్లో పట్టాదారు పేరు, మరోదాంట్లో అనుభవదారు పేరు, అంటే నిజంగా నాగలి పట్టినవాడి పేరు. చాలాచోట్ల ఆ రెండు పేర్లూ ఒకటి కావు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న హోదా ఆ చట్టం ఇచ్చిందే. అది దక్కాలంటే దున్నుతున్నట్టు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ రాత అనుభవదారు కాలమ్‌లోనే దొరికేది. 2020లో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పుడు ఆ కాలమ్ తీసేశారు. యాజమాన్యం తేటగా ఉండాలంటే ఒకే పేరు ఉండాలన్నది అప్పటి వాదన. అందులో కొంత సబబు లేకపోలేదు, ఆ కాలమ్‌ను అడ్డం పెట్టుకుని పైరవీలు చేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ఒక్క నిర్ణయంతో ఆ కాలమ్‌లో నమోదైన కౌలుదార్ల పేర్లు ప్రభుత్వ రికార్డు నుంచి ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, 2025లో భూభారతి చట్టం వచ్చింది, వాదన మళ్లీ మొదలైంది. ఈ వాదన ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 1950కి వెళ్లాలి. అందుకే ఇక్కడ చరిత్ర పాఠానికి, పొలం గట్టు తగాదాకు మధ్య దూరం చాలా తక్కువ.

2024 నవంబర్ 11న కొడంగల్ నియోజకవర్గంలోని దుద్యాల మండలం లగచర్లలో, ఫార్మా విలేజ్ భూసేకరణపై అభిప్రాయ సేకరణకు వచ్చిన అధికారుల మీద దాడి జరిగింది. అరెస్టులు జరిగాయి, తండాల్లో మగవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లారు, నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా విలేజ్ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. దాడిని ఎవరూ సమర్థించలేరు. ఆ రోజుల్లో వచ్చిన చర్చంతా రాజకీయ పార్టీల చుట్టూనే తిరిగింది. ఆ భూములు ఆ కుటుంబాల చేతికి ఎప్పుడు వచ్చాయి, ఏ షరతుల మీద వచ్చాయి, అసైన్డ్ భూమికి పరిహారం పట్టా భూమితో సమానంగా ఉండాలా అన్న ప్రశ్నలు మూలన పడ్డాయి. వాటన్నిటికీ జవాబు చరిత్రలోనే వెతకాలి.

తండాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల బిడారాల మీద ధాన్యం, ఉప్పు మోసి దక్కన్‌లో నడిచే సైన్యాలను బతికించిన జనం. 1874లో వాడి-సికింద్రాబాద్ రైలు మార్గం తాండూరు, వికారాబాద్‌ల మీదుగా వచ్చింది. ఎద్దు మోసే సరుకును రైలు మోయసాగింది. మార్గం పొడవునా కొత్త గంజ్‌లు లేచాయి, బిడారం వ్యాపారం కుంగిపోయింది, తరాలు గడిచేకొద్దీ ఆ జనం గుట్టల అంచుల్లో తండాలు కట్టుకుని చెల్క భూములు సాగు చేశారు. ఇప్పుడు వారి పరిస్థితి చూడండి. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగ అయ్యారు. సరిహద్దు దాటి సేడం వైపు వెళ్తే అదే జనం కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రకు వెళ్తే విముక్త జాతి. అక్కాచెల్లెళ్లలో ఒకరిని కొడంగల్ తండాలో, ఒకరిని కలబురగి తండాలో ఇస్తే, వాళ్ల పిల్లలు వేర్వేరు సర్టిఫికెట్లతో పెరుగుతారు. ఇందులో ఎవరి కుట్రా లేదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఆఫీసుల్లో, వేర్వేరు అవసరాల కోసం తీసుకున్న నిర్ణయాలు అలా పేరుకున్నాయి. దీన్ని విడమరిచి చెప్పగలిగేది చరిత్ర ఒక్కటే. రిజర్వేషన్ల మీద మన ఊళ్లలో జరిగే కొట్లాటల్లో సగం ఈ సంగతి తెలియకనే జరుగుతున్నాయి.

ఇప్పటి రాష్ట్రాల హద్దులతో పాతకాలాన్ని కొలవబోతే ఏమీ అర్థం కాదు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పుకు పారి హైదరాబాద్ చేరుతుంది. కాగ్నా పడమటికి, తాండూరు మీదుగా భీమానదికి పోతుంది. ఆ కాగ్నా ఒడ్డునే, ఇవాళ్టి సేడం తాలూకాలో, మాల్ఖేడ్ ఉంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. ఆ రాజ్యానికి సామంతులైన వేములవాడ చాళుక్యుల కొలువులో కన్నడ ఆదికవి పంపడు కావ్యం రాశాడు. అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. పదో శతాబ్దపు ఆ మనుషులు మీరు తెలుగువాళ్లా, కన్నడిగులా అన్న ప్రశ్న వింటే తెల్లబోయేవారు. సరిహద్దు ఊళ్లలో ఈనాటికీ ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, కచేరీలో ఇంకో భాష నడుస్తాయి. ఇక్కడివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, వాళ్ల పుస్తకాల్లో లేదంతే.

ఇక సెప్టెంబర్ 17. చరిత్ర చదువు విలువ ఇక్కడ తేలినంతగా మరెక్కడా తేలదు. 1948లో ఆ రోజున నిజాం లొంగిపోయాడు, హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్ చేతికి వచ్చింది. ఔరంగాబాద్‌లో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కలబురగిలో కల్యాణ కర్ణాటక ఉత్సవం. హైదరాబాద్‌లో అది ఏ దినమో ఇప్పటికీ తేలలేదు. విమోచనం అని కేంద్రం, జాతీయ సమైక్యత అని 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం, ప్రజాపాలన దినోత్సవం అని 2024లో ఇప్పటి ప్రభుత్వం. విలీనం అనేవాళ్లు, విద్రోహం అనేవాళ్లు వేరే ఉన్నారు. ప్రతి ఏడూ జెండా ఎగరేసి ఉపన్యాసాలిస్తారు. పేరు మీద జరిగే పోరులో జరిగింది ఏమిటన్నది వెనక్కి పోతుంది.

ఏం జరిగింది? కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. బీదర్ జిల్లా గోరటలో, మన బైరాన్‌పల్లిలో జనాన్ని ఊచకోత కోశారు. యూనియన్‌లో కలవాలని రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో నరికి చంపారు. ఆ తర్వాత పోలీస్ యాక్షన్ అని పిలిచే సైనిక చర్య. దాంతోపాటు, దాని వెనకాల మరో హింస. పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలోని బృందం ఆ ఏడాది చివర్లో సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగి నివేదిక ఇచ్చింది. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ నివేదిక అంచనా. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలుగా నాలుగింటిని చెప్పింది: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. దశాబ్దాలపాటు ఆ నివేదికను బయటపెట్టలేదు. 2013 నాటికి గానీ అది ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ మ్యూజియంలో అందరికీ అందుబాటులోకి రాలేదు.

గుల్బర్గా జిల్లా అన్నప్పుడు, అప్పటి కొడంగల్, తాండూరు ఆ జిల్లావేనని గుర్తుంచుకోవాలి. ఈ రెండు తాలూకాల్లో ఆ నెలల్లో ఏ ఊళ్లో ఏమయింది? రజాకార్లు ఎవరి ఇంటిని దోచారు? తర్వాత ఎవరు ఎవరిని కాపాడారు, ఎవరు ఎవరిని పట్టించారు? రెండు వైపులా దాచుకున్న జ్ఞాపకాలు ఉంటాయి. ఒక వీధిలో రజాకార్ల కథ చెబుతారు, పక్క వీధిలో పోలీస్ యాక్షన్ కథ చెబుతారు, ఒకరి కథ వినడానికి మరొకరు సిద్ధంగా ఉండరు. రెండూ జరిగాయన్నదే చరిత్ర. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని తుడిచేయడం రాజకీయం. పదో తరగతి పిల్లవాడికి ఈ తేడా పట్టించగలిగితే చాలు, వాడు వాట్సాప్‌లో వచ్చిన పాత ఫొటోను ఫార్వర్డ్ చేసేముందు ఇది ఎక్కడిది, ఎప్పటిది అని అడుగుతాడు. ఆ రోజులను కళ్లారా చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. మిగిలిన కొద్దిమందికీ ఎనభై దాటాయి. వాళ్లను అడిగి రాసుకోవడానికి మనకున్న వ్యవధి చాలా తక్కువ. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే.

అడిగి రాసుకోవడం ఎలాగో చూపించినవాడు మన పక్కనే పుట్టాడు. సురవరం ప్రతాపరెడ్డి 1896లో ఆలంపూర్ తాలూకా బోరవెల్లిలో పుట్టారు. కొడంగల్‌ను ఇటు తెచ్చిన చట్టమే ఆలంపూర్‌నూ ఇటు తెచ్చింది. ఆ మార్పు చూడకుండానే 1953లో ఆయన కన్నుమూశారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట వస్తే కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ రాసి, కవుల వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఒక ఆక్షేపణకు ఇంత నిండైన జవాబు తెలుగులో అరుదు. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. రాజులు, యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాల్లోంచి వెతికి తీశారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది.

సురవరం కాలంలోనే ఫ్రాన్స్‌లో మార్క్ బ్లాక్ అనే చరిత్రకారుడు ఉండేవాడు. చరిత్ర ఏం పనికొస్తుందన్న ఓ పిల్లవాడి ప్రశ్నతో మొదలయ్యే పుస్తకం ఆయనది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, తన గ్రంథాలయానికి దూరంగా ఉండి దాన్ని రాశాడు, పూర్తి చేయలేకపోయాడు. నాజీలను ప్రతిఘటించే రహస్య దళంలో పనిచేస్తూ దొరికిపోతే 1944 జూన్ 16న కాల్చి చంపారు. ఆ పుస్తకం అచ్చయింది కూడా 1949లోనే. రాజుల వంశావళిని దాటి పొలాలను, పనిముట్లను, మామూలు మనుషుల బతుకును చరిత్రగా చూడాలన్న పట్టుదల ఆయనదీ, సురవరందీ ఒకటే. ఒకరి సంగతి మరొకరికి తెలిసి ఉండకపోవచ్చు.

అలాంటి వారసత్వం ఉన్న నేలలో చరిత్ర ఇప్పుడు బిట్ బ్యాంక్ అయింది. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ అని 150 మార్కుల పేపర్ ఉంది. ఆ పేపర్ పెట్టడం మంచిదే. దానివల్లే ముల్కీ నిబంధనలు, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, ఫజల్ అలీ కమిషన్ పేర్లు లక్షల మందికి తెలిశాయి. కానీ కోచింగ్ సెంటర్లో ఒప్పందం తేదీ గుర్తుపెట్టుకున్న అభ్యర్థి, ఆ ఒప్పందం ఎందుకు అమలు కాలేదో వివరించే పుస్తకం తెరవడు, అంత తీరిక అతనికి లేదు. పరీక్ష రాసిన మర్నాడు అదంతా మరిచిపోతాడు. అతన్ని తప్పుపట్టలేం. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోమనే పరీక్షకు, రెండు సాక్ష్యాలను ఎదురెదురుగా పెట్టి తూచే ఓపికతో పనిలేదు. బడుల్లో సాంఘికశాస్త్రం పీరియడ్ లెక్కల టీచర్ చేతికి పోవడం, డిగ్రీలో సీటు ఎక్కడా దొరకనివాడే హిస్టరీ తీసుకుంటాడన్న మాట వాడుకలోకి రావడం మనందరికీ తెలిసినవే.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. కొడంగల్, తాండూరు, బొంరాస్‌పేట, దౌల్తాబాద్, బషీరాబాద్ మండలాల్లో ప్రతి ఉన్నత పాఠశాలా ఒక నోటు పుస్తకం పెట్టుకోవచ్చు. ఊరి బావులు ఎవరు తవ్వించారు, గుడిలో, దర్గాలో, కోట గోడ మీద ఏ రాతలున్నాయి, నాపరాయి గనుల్లో పనికి మొదట ఎవరు వచ్చారు, ముంబయి, పుణే వలసలు ఏ కరువులో మొదలయ్యాయి. ఎనిమిదో తరగతి పిల్లలు ఇవన్నీ అడిగి రాయగలరు. చెప్పినవారి పేరు, వయసు, తేదీ రాయడం వాళ్లకు అలవాటు చేస్తే చాలు. కందిపప్పుకు తాండూరు పేరు మీద 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోసం నేల గురించి, విత్తనం గురించి, సాగు పద్ధతి గురించి ఎంతో సమాచారం పోగుచేయాల్సి వచ్చింది. పంట కోసం చేయగలిగిన పని మనుషుల కోసం చేయలేమా?

రెండో పని ప్రభుత్వానిది. 1956కు ముందు కొడంగల్, తాండూరు తాలూకాల రికార్డులు ఏవి కలబురగిలో మిగిలాయి, ఏవి మహబూబ్‌నగర్‌కు, హైదరాబాద్‌కు వచ్చాయి, 2016లో ఏవి వికారాబాద్ చేరాయి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఏమున్నాయి? దీని మీద రెండు రాష్ట్రాలూ కలిసి ఒక జాబితా ప్రకటించాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, రెండు జిల్లాల కలెక్టర్లు కూర్చుంటే మొదలవుతుంది. వాటిని చదవడానికి ఉర్దూ, కన్నడ, తెలుగు మూడు భాషలతోనూ పనిపడుతుంది, మూడూ వచ్చినవాళ్లు ఈ సరిహద్దు ఊళ్లలోనే ఇంకా ఉన్నారు. రిటైరైన ఉర్దూ టీచర్లను, పాత పట్వారీల కుటుంబాల్లో పాత మోడీ లిపిని, షికస్తా అనే గొలుసుకట్టు రాతను పోల్చుకోగల పెద్దవాళ్లను గౌరవవేతనం మీద పిలిచి, డిగ్రీ విద్యార్థులను వాళ్ల పక్కన కూర్చోబెట్టాలి. మొదటి విడతగా 1954-55 ఖాస్రా పహాణీలోని అనుభవదారు కాలమ్‌ను ఊరూరా తెలుగులోకి ఎత్తి రాయించి, గ్రామ పంచాయతీ గోడకు అతికించాలి. తమ తాత పేరు అక్కడ ఉందో లేదో ఊరివాళ్లే వచ్చి చూసుకుంటారు.